వాలుగ ముందు కాలు

భవానీపురం,
6-9-2005

హేమసుందర్‌కు మీ అత్త రత్తమ్మ రాయునది. నేనూ మీ మావయ్యా తిని తిరుగుతున్నాం. ఇంట్లో బాగాలేనిది వాలుగ ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం.

ఫోను చేయొచ్చుగా అంటావు. చేశాను. చేసినప్పుడల్లా ఆపరేషన్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడతానన్నావు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. కుక్కల డాక్టరు చదువుకే ఇంత తీరిక లేకపోతే మనుషుల డాక్టర్లు అసలు అన్నం తింటారా అని అనుమానం వచ్చింది. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు. పైగా నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి.

వాలుగ కుక్కపిల్లగా ఉన్నప్పుడు నువ్వు చూశావు. తల్లి మన పడవల ఘాటు దగ్గరి కుక్కే గానీ తండ్రి ఇబ్రహీంపట్నం కరెంటు క్వార్టర్సులో ఏదో పెద్ద జాతి కుక్కట. అందుకే దూడంత పెరిగింది. మీ మావయ్య పడవలో ముందు పలక మీద దాని చోటు. మంచు పట్టిన పొద్దుల్లో ఇసుక పడవ ఎదురొస్తే మన కంటికి కనబడకముందే మొరుగుతుంది. ఈనినప్పుడు ఒడ్డున ఉంచి వెళ్తే, పిల్లల్ని వదిలేసి పడవ వెనక ఈదుకుంటూ పోయింది. తల్లివేనా నువ్వు అని నేను తిట్టాను కూడా.

శ్రావణంలో కుంటడం మొదలుపెట్టింది. ఎడమ ముందు కాలు, మణికట్టుకు కాస్త పైన వాపు. తాడు తగిలి ఉంటుందన్నాడు మీ మావయ్య. ఎముకలు కట్టే ఆయన్ను పిలిచి, ఆకు పసరు వేసి వెదురు బద్దలతో కట్టు కట్టించాం. వాపు పెరిగింది. చివరికి ఊళ్లో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, ఇది ఎముక క్యాన్సరు, భుజం దాకా కాలు తీసేయాలి అన్నాడు. కుక్కకు క్యాన్సరేంటిరా? అది బీడీ తాగిందా?

అసలు సంగతి ఇది. కాలు తీయడానికి మీ మావయ్య ఒప్పుకోవడం లేదు. నీకు తెలుసుగా, గంగమ్మకు బలి కట్టే మేకపోతుకు చెవి చిరిగినా, గిట్ట విరిగినా పనికిరాదని వెనక్కి పంపేస్తాం. పడవ గంగమ్మ కూర్చునే పీట, అవకరం ఉన్నదాన్ని దాని మీద ఎక్కించకూడదని వాళ్ల నాన్న చెప్పేవాడట. కాలు తీస్తే అది ఇక పడవ ఎక్కదు. పడవ ఎక్కకపోతే అది బతకదు. ఈ రెండు మాటలే చెప్పాడు. వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు గానీ చేతులు కదలడం లేదు.

ఎక్స్‌రే పంపుతున్నాను. మడత పడకుండా ఎండు చేపల పొట్లంతో కలిపి చుట్టాను. చేపలు నీకు, ఫోటో మీ మేష్టర్లకు. కాలు తీయకుండా ఏదన్నా దారి ఉందా?

మీ అత్త
రత్తమ్మ

*

చెన్నై,
13-9-2005

అత్తకు నమస్కారాలు.

ఎక్స్‌రే అందింది. చేపలు అందాయని హాస్టలు మొత్తానికి తెలిసింది. మాకు ఆపరేషన్లు నేర్పే సుధామణి మేడమ్ ఆ ఫిలింను వెలుతురుకు పెట్టి చూస్తూ, ఇది నెత్తళ్ల వాసనా అని అడిగింది. ఆవిడది నెల్లూరు, అందుకే గుర్తుపట్టింది. నేను తల దించుకున్నాను.

ముందుగా ఆ వెదురు కట్టు విప్పేయండి. ఇది దెబ్బ కాదు. ఫిలింలో మణికట్టు పైన ఎముక చెదలు తిన్నట్టు కనిపిస్తోంది. పెద్ద ఒళ్లున్న కుక్కలకు వచ్చే జబ్బు ఇది, సరిగ్గా ఆ చోటే ఎక్కువగా వస్తుంది. ఎందుకు వస్తుందంటే మాకూ పూర్తిగా తెలియదు. బీడీ వల్ల మాత్రం కాదు.

మూడు కాళ్లతో కుక్కలు బాగానే ఉంటాయత్తా. మా వార్డులో ఉన్నవి మెట్లెక్కి దిగుతున్నాయి, పిల్లుల్ని తరుముతున్నాయి. మన జాలి మనదే గానీ వాటికి ఆ దిగులు ఉన్నట్టు కనబడదు. కానీ పడవ సంగతి నువ్వు రాశాక మేడమ్‌తో మాట్లాడాను.

ఒక దారి ఉంది. కాలు ఉంచి, లోపల చెడిన ఎముక ముక్కను మాత్రం కోసి తీస్తారు. అమెరికాలో దాని చోట చనిపోయిన వేరే కుక్క ఎముకను పెడతారు. అలాంటి ఎముకలు దాచే బ్యాంకు మాకు లేదు. మేడమ్ ఆలోచన వేరు. తీసిన ఎముకనే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, అందులోని క్యాన్సరు కణాలు చచ్చాక మళ్లీ అక్కడే పెట్టి, స్టీలు పట్టీ వేసి మరలు బిగించడం. జపానులో మనుషులకు ఇలా చేస్తున్నారట. ఆ నైట్రోజన్ అంటే ఐసు కంటే ఎన్నో రెట్లు చల్లనిది. ఆబోతుల వీర్యం దాచడానికి పశువుల ఆసుపత్రుల్లో క్యానుల్లో ఉంటుంది, నువ్వు చూసే ఉంటావు.

మణికట్టు ఇక వంగదు. ఎముక కుదురుకునేదాకా తడి తగలకూడదు. ఆ తర్వాత పడవ ఎక్కొచ్చు. ఊపిరితిత్తుల ఫోటో కూడా తీయాలి, ఎందుకంటే ఈ జబ్బు అక్కడికి పాకుతుంది. కాలు తీసినా, ఉంచినా ఆ భయం ఒకటే. అందుకే ఆపరేషన్ తర్వాత సూదిమందులు కూడా ఉంటాయి.

మావయ్యకు నచ్చితే తీసుకురండి. మేడమ్ ఇంతవరకూ ఈ పద్ధతిలో చేయలేదని కూడా చెప్పు.

నీ మేనల్లుడు
హేమసుందర్

*

భవానీపురం,
20-9-2005

ఒరేయ్ హేమా,

నీ ఉత్తరం చదివి మీ మావయ్యకు చెప్పాను. కాలు ఉంటుంది, రోగం పోతుంది అన్నాను. ఇన్నాళ్లకు అన్నం సరిగ్గా తిన్నాడు. కట్టు విప్పేశాం.

నాకు మాత్రం ఒక సంగతి మింగుడు పడటం లేదు. పుట్టిన దగ్గర్నుంచి చేపల బుట్టల మధ్య ఉన్నదాన్ని. ఐసు పెట్టేది ఎందుకు? చెడిపోకుండా ఉండటానికి. పొద్దున పట్టిన బొచ్చెను ఐసులో వేస్తే మర్నాడు కూడా కళ్లు మెరుస్తూనే ఉంటుంది. మరి రోగం ఉన్న ఎముకను ఐసులో పెడితే రోగం కూడా చెడిపోకుండా ఉంటుంది కదరా? ఆబోతుల సంగతి కూడా అంతేగా. ఆ క్యానులో పెట్టింది చచ్చిపోయేదైతే మార్కెట్లో నా పక్కన కూర్చునే మన మణెమ్మ ఆవుకు చూలు ఎలా నిలిచింది? ఇంత చదివినవాళ్లు మీకు ఈ అనుమానం రాలేదా? నలుగుర్నీ అడిగాను. మార్కెట్లో అందరూ నా మాటే అన్నారు. ఆబోతు క్యానులో కుక్క ఎముక అనేసరికి మణెమ్మ నవ్వి నవ్వి తక్కెడ కింద పెట్టేసింది.

అయినా పంపుతున్నాను. మా ఆయన తమ్ముడు జక్కయ్య మద్రాసుకు రొయ్యల వ్యాను తోలతాడు, అందులో ముందు సీట్లో మీ మావయ్యా కుక్కా వస్తారు. రైల్లో అయితే కుక్కను గార్డు దగ్గర పెట్టెలో పెట్టాలట. మీ మావయ్య తనూ ఆ పెట్టెలోనే కూర్చుంటానన్నాడు, అందుకని మానేశాం.

ఆయన బయట ఎక్కువ మాట్లాడడు. ఆకలైనా చెప్పడు. నువ్వే అడిగి పెట్టు. నా ప్రశ్నకు జవాబు రాయి.

అత్త

*

చెన్నై,
9-10-2005

అత్తా,

ఆపరేషన్ బాగా జరిగింది. ఊపిరితిత్తుల ఫోటోలో మచ్చలేమీ లేవు. వాలుగ లేచి నిలబడుతోంది, కాలు మోపుతోంది, నన్ను చూస్తే మాత్రం తల పక్కకు తిప్పుకుంటోంది. కుట్లు నాకకుండా మెడ చుట్టూ పెట్టిన ప్లాస్టిక్ గొట్టం నా పనే అని దానికి తెలిసిపోయింది.

నీ ప్రశ్నను మేడమ్‌కు చదివి వినిపించాను. ఆవిడ క్లాసులో కూడా చెప్పింది. జవాబు నీ బుట్టలోనే ఉంది. ఐసు ముక్కల మధ్య ఉన్న చేప గట్టిగా, తాజాగా ఉంటుంది. అదే చేపను పెద్ద ఫ్రీజరులో రాయిలా గడ్డ కట్టించి కరిగిస్తే ఏమవుతుంది? మెత్తబడి, నీరు కారి, కండ విడిపోతుంది. నువ్వే ఆ చేపను ఎవరికీ అమ్మవు. లోపలి నీరు గడ్డ కట్టి కణాలను చీల్చేస్తుంది గనుక అలా అవుతుంది. ఎముకలోనూ అంతే. రోగం కణాలు చీలి చచ్చిపోతాయి, ఎముక గట్టిదనం మాత్రం మిగులుతుంది. ఆబోతు వీర్యం చావకుండా ఉండటానికి అందులో గ్లిజరిన్ కలిపి, జాగ్రత్తగా చల్లబరుస్తారు. ఎముకకు మేము ఆ మర్యాద చేయలేదు. పైగా ఆ క్యానులో ముంచలేదు, వేరే స్టీలు గిన్నెలోకి వంచుకున్నాం. ఈ మాట మణెమ్మక్కకు తప్పకుండా చెప్పు.

మావయ్య అద్దంలోంచి అంతా చూశాడు. ఎముక తీసి గిన్నెలో ముంచినప్పుడు తెల్లగా పొగ లేచింది. అందరూ వెనక్కి జరిగితే ఆయన ముక్కు అద్దానికి ఆనించాడు. తర్వాత వరండాలో మిగతా కుక్కలవాళ్లతో కూర్చుని, తనకు వచ్చిన కాస్త అరవంతోనే కబుర్లు చెప్పాడు. ఎక్కువ మాట్లాడడని నువ్వు రాశావు గానీ ఇక్కడ ఆయన అడగని మనిషి లేడు.

ఒకటి మాత్రం సరిచేయాలి. రోగం పోతుందని నేను రాయలేదత్తా. కాలు తీసినా, ఉంచినా ఊపిరితిత్తులకు పాకే భయం ఒకటే అని రాశాను. సూదిమందులు పడితే ఏడాది, ఆ చుట్టుపక్కల. కొన్ని కుక్కలు ఇంకా ఎక్కువ ఉంటాయి, చాలా వాటికి అంతకుముందే ఊపిరితిత్తుల్లో తేలుతుంది. మావయ్య ఇక్కడ ఎంతో సంతోషంగా ఉన్నాడు. నువ్వు చెప్పే పంపావనుకుని నేను ఈ మాట ఎత్తలేదు. చెప్పలేదంటే ఇప్పుడైనా చెప్పు.

హేమసుందర్

*

భవానీపురం,
12-12-2005

హేమసుందర్‌కు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద కూడా కాదు, ఎవరి మీదో తెలియదు. నీ పాత ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నిజమే, రోగం పోతుందని నువ్వు ఎక్కడా రాయలేదు. కాలు ఉంటుందన్నావు, నాకు అదే రోగం పోవడంలా వినబడింది. చెడిన చోటు కోసి తీసేశాక ఇంకేం మిగులుతుంది అనుకున్నాను. చేపకు పుండు ఉన్న చోటు కోసేసి మిగతాది కూర వండుకుంటాంగా.

మీ మావయ్యకు చెప్పలేదు. రోజూ పొద్దున ఆ కాలు చూసి, బాగా అతుక్కుంటోందే అని మురిసిపోయే మనిషికి ఏ నోటితో చెప్పను?

వాలుగ నడుస్తోంది. మణికట్టు వంగదు గనుక కాలికి గరిటె కట్టుకుని నడిచినట్టు టక్కుటక్కున వస్తుంది. వీధి పిల్లలు వెనకాలే నడిచి వెక్కిరిస్తే తిరిగి మొరుగుతుంది కూడా. సూదులకు నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్తున్నాం. సూది పడ్డ రోజు అన్నం ముట్టదు, మర్నాటికి సర్దుకుంటుంది.

కార్తీకం వెళ్లగానే పడవ ఎక్కిద్దామని మీ మావయ్య ముహూర్తం చూసుకున్నాడు. ఈలోపు కుట్లు వేసిన చోట చిన్న రంధ్రం పడి జిగురులా కారుతోంది. పసుపు అద్దాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ కారింది. ఇప్పుడు చీము. డాక్టరు మాత్రలు మార్చాడు. కాలికి ప్లాస్టిక్ కవరు కట్టి పడవ ఎక్కించొచ్చా అని మీ మావయ్య అడగమన్నాడు. ఇదివరకు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. రోజూ అడుగుతున్నాడు, హేముడు రాశాడా అని.

అత్త

*

చెన్నై,
5-1-2006

అత్తా,

పడవ వద్దు. కవరు కట్టినా వద్దు. మీ డాక్టరు పంపిన ఫోటో, చీము పరీక్ష చూశాం. లోపల పెట్టిన ఎముక చచ్చిన ఎముక. దానికి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు పోదు. క్రిములు ఆ ఎముకనూ స్టీలునూ పట్టుకుని కూర్చున్నాయి. ఈ ఆపరేషన్ చేసిన కుక్కల్లో దాదాపు సగం వాటికి ఇలాగే అవుతుంది. ఇది నేను ముందే రాయాల్సింది. తడి తగిలితే, నది నీరు అంటితే ఇంకా ముదురుతుంది. రోజూ కడిగి, మందు పెట్టి, పొడిగా ఉంచాలి. ఎన్నాళ్లంటే చెప్పలేను. బహుశా ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు ఒక వింత చెబుతాను, కోప్పడకుండా చదువు. మేడమ్ నిన్న ఒక వ్యాసం చూపించింది. అమెరికాలో ఇదే జబ్బుకు కాలు ఉంచి ఆపరేషన్ చేసిన కుక్కల లెక్కలు తీస్తే, చీము పట్టిన కుక్కలు పట్టనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయట. కాస్త ఎక్కువ కాదు, దాదాపు రెట్టింపు. ఎందుకో ఎవరికీ ఖాయంగా తెలియదు. క్రిములతో పోరాడటానికి ఒళ్లంతా మేలుకుని, ఆ ఊపులో ఊపిరితిత్తుల్లో దాక్కున్న రోగాన్ని కూడా పట్టుకుంటుందేమో అని అనుకుంటున్నారు. నాకు రాత్రంతా ఇదే ఆలోచన. మనం తిట్టుకుంటున్న ఆ చీమే వాలుగకు కాపలా కాస్తోందేమో.

కాబట్టి రెండు దారులు. ఇలాగే ఉంచితే ఇంట్లో, పొడిగా, బహుశా ఎక్కువ కాలం. లేదంటే ఇప్పుడైనా కాలు తీసేస్తే పుండు త్వరగా మానుతుంది, నీళ్ల దగ్గరికి పోవచ్చు, కానీ ఆ కాపలా కూడా కాలితోపాటే పోతుంది. నేనైతే ఉంచమంటాను. మేడమ్ కూడా అంతే అంది. ఎలాగూ మూడు కాళ్లతో మావయ్య పడవ ఎక్కించడుగా.

హేమసుందర్

*

భవానీపురం,
24-1-2006

ఒరేయ్ డాక్టరూ,

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంది మన పని. పడవ కోసం కాలు ఉంచాం. ఇప్పుడు ఆ కాలు వల్లే పడవ పోయింది. ఇది రాస్తుంటే నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది.

నీకు అక్కడ లెక్కలు కనబడుతున్నాయి. నాకు ఇక్కడ కుక్క కనబడుతోంది. పొద్దున మీ మావయ్య తెడ్డు భుజాన వేసుకోగానే అది లేస్తుంది. గొలుసు లాగుతుంది. పడవ కదిలిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా పుష్కరాలకు కట్టిన ఆ కొత్త మెట్ల వైపు చూస్తూ కూర్చుంటుంది. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. చేప పులుసు అన్నం కలిపి పెడితే వాసన చూసి వదిలేస్తుంది. ఒళ్లంతా మేలుకుంటుందన్నావే, నిజమే, రాత్రీ పగలూ మేలుకునే ఉంటోంది.

ఆ వ్యాసంలో కుక్కలను ఏమన్నా అడిగారా? ఎక్కువ కాలం బతికినవి ఆ కాలమంతా ఏం చేశాయో అందులో రాశారా? ఇది వెటకారం కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

నిన్న ఇక ఉండలేక మీ మావయ్యకు అంతా చెప్పేశాను. ఏడాదే అన్న మాట, చీము మాట, రెండు దారుల మాట. వింటూ వల కట్టు ముడి వేస్తున్నాడు. ముడి పూర్తి చేసి అన్నాడు, “ఏడాదే అని నాకు తెల్సు. మద్రాసు వరండాలో కూర్చున్నోళ్లందరి కుక్కలకీ అదే రోగం. వాళ్లే చెప్పారు. నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నా.”

చూశావా? ఆయన తట్టుకోలేడని నేను, నేను తట్టుకోలేనని ఆయన. ఒక ఇంట్లో, ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని ఇన్ని నెలలు దొంగాట ఆడాం. తర్వాత ఆయన చీము సంగతి మళ్లీ చెప్పించుకున్నాడు. రెట్టింపు అన్నారా, కచ్చితంగానా అని అడిగాడు. ఏమో అన్నారట అని చెప్పాను.

ఈ పొద్దున లేచి చూస్తే జక్కయ్య వ్యాను గుమ్మం ముందు ఉంది. మీ మావయ్య కుక్కను ఎక్కించుకుని నీ దగ్గరికి బయలుదేరాడు. ఎందుకో అడిగినా చెప్పలేదు. నీకు ఈ ఉత్తరం చేరేసరికి నీకే తెలుస్తుంది, నాకు రాయి.

అత్త

*

చెన్నై,
6-2-2006

అత్తా,

వాలుగ కాలు తీసేశాం. మావయ్య జక్కయ్య చిన్నమావయ్యతో ఊరికి బయలుదేరేముందు ఈ ఉత్తరం ఆయన జేబులోనే పెడుతున్నాను, పోస్టు కంటే ముందు చేరుతుంది.

వచ్చిన రోజు మేడమ్ ఆయన్ను కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పింది. చీము ఉంటే ఎక్కువ కాలం ఉండొచ్చని, ఒక్క కుక్క విషయంలో ఖాయంగా చెప్పలేమని, అయినా తనైతే ఉంచుతానని. మావయ్య అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. “ఆ ఎక్కువ రోజులు అది ఎక్కడుంటదమ్మా?” ఇంట్లో, తడి తగలకుండా అంది మేడమ్. “ఇంట్లో ఉండటం దానికి రాదమ్మా” అన్నాడు.

నేను గంగమ్మ మాట ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సిందేమో, కానీ తర్వాత బాధపడతాడని భయమేసింది. ఆయన నా వైపు చూసి, “గంగమ్మకిచ్చే మేకకి కాళ్లు చూస్తాంరా. ఇది ఇచ్చేది కాదుగా, నాతో పాటు పనిలోకి వచ్చే మనిషి. మా నాన్న ఆఖర్న కళ్లు కనపడకుండా పడవెక్కలా? గంగమ్మేమన్నా అందా?” అన్నాడు. మేడమ్ ఆ సాయంత్రమే ఆపరేషన్ థియేటరు సిద్ధం చేయించింది.

మేడమ్‌కు బాధగానే ఉంది. ఈ పద్ధతిలో మా కాలేజీలో చేసిన మొదటి కుక్క ఇదే. ఆవిడ దీని మీద వ్యాసం రాస్తోంది. అందులో కాలు నిలిచిందా లేదా అన్న చోట విఫలం అనే రాయాలి, నియమం అదే. నీ ఉత్తరంలో అడిగావే, ఆ కుక్కలు ఆ కాలమంతా ఏం చేశాయని, అది కూడా ఆవిడకు చెప్పాను. వ్యాసం మళ్లీ తిరగేసి చూసింది. అందులో లేదు. ఇన్నేళ్లు చదివి నాకు ఆ ప్రశ్న రానందుకు సిగ్గేసింది.

నువ్వు మాకు ఒక సాయం చేయాలి. ఎలా నడుస్తోంది, ఎప్పుడు పడిపోతోంది, తిండి, నిద్ర, దగ్గు వస్తోందా, అన్నీ చూసి రాయి. మేడమ్ అడిగింది.

హేమసుందర్

*

భవానీపురం,
30-4-2006

హేమసుందర్‌కు, సుధామణి మేడమ్ గారికి,

మీరడిగినవన్నీ, నేనూ పడవ ఎక్కి మరీ, చూసే రాస్తున్నాను. తొందరపడి రాస్తే తప్పు పోతుందని ఇన్నాళ్లు ఆగాను.

పుండు త్వరగానే మానింది. నడవడానికి తడుముకోలేదు. నేను అన్నం గిన్నె పట్టుకుని ఎలా వస్తుందో చూద్దామని దూరంగా నిలబడితే, నేను చూడటం మొదలుపెట్టేలోపే గిన్నె దగ్గర ఉంది. ఉన్న ఒక్క ముందు కాలిని మధ్యకు తెచ్చుకుని గెంతుతుంది. మెట్లు ఎక్కడం సుళువు, దిగడం కష్టం. దిగేటప్పుడు మీ మావయ్య మెడ పట్టీ పట్టుకుంటాడు.

పడవలో మొదటి రోజు మలుపు తిరగగానే బోర్లా పడింది. మీ మావయ్య కంగారుపడి వెనక్కి తిప్పబోతే లేచి మళ్లీ ముందుకే పోయి కూర్చుంది. ఇప్పుడు కాలు లేని వైపు భుజాన్ని పడవ చెక్కకు ఆనించి కూర్చుంటోంది. ఎవరూ నేర్పలేదు. దానికి కాలు లేదన్న సంగతి తెలిసి అలా కూర్చుందా, తెలియకుండానే ఒళ్లు సర్దుకుందా అనేది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీ పుస్తకాల్లో ఉంటే చెప్పండి.

ఘాటు దగ్గర కొందరు గొణిగారు. ఆ రోజు వలలో ఏమీ పడలేదు కూడా. కుంటి కుక్క ఎక్కింది, అందుకే అన్నారు. “నిన్నా పడలా. నిన్న కుక్క లేదుగా” అన్నాడు మీ మావయ్య.

దగ్గు సంగతి. పదిరోజులుగా వస్తోంది. పొడి దగ్గు, తెల్లారుజామున ఎక్కువ. ఫోటో తీయించాను. డాక్టరు చూపించకముందే నాకు కనబడ్డాయి మచ్చలు. చీము ఉంచి ఉంటే ఇవి ఇంత త్వరగా వచ్చేవి కావా అని అడిగాను. ఆయనకు తెలియదు. మీకూ తెలియదని నాకు తెలుసు. అయినా నాకు రోజూ ఆ అనుమానం వస్తుంది, రాకుండా ఉండదు. మీ మావయ్యను కూడా అడిగాను. తనకూ వస్తుందన్నాడు. వచ్చినా మళ్లీ కాలు తీయించే పనే చేస్తానన్నాడు. ఈసారి ఒకరికొకరం దాచుకోలేదు. ఇద్దరం కూర్చుని ఏడ్చాం, తర్వాత అన్నం తిన్నాం.

మందేమైనా ఉంటే చెప్పండి, దగ్గు తగ్గేదైతే చాలు. మళ్లీ మద్రాసు మాత్రం తీసుకురాము.

మేడమ్ గారూ, మీ వ్యాసంలో విఫలం అని రాయండి, నియమం తప్పొద్దు. నిద్ర గురించి కూడా అడిగారు గనుక అది చెబుతాను. పడవ ఒడ్డు విడవగానే గాలికి ముక్కు పెట్టి కాసేపు చూస్తుంది. తర్వాత పలక దిగి వచ్చి మీ హేమసుందర్ మావయ్య పాదాల మీద తల పెట్టుకుని పడుకుంటుంది. దగ్గు వస్తే లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నాలుగు కాళ్లతో ఇంటి దగ్గర కట్టేసి ఉంచిన ఆ నెలల్లో అది నిద్రపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇట్లు
రత్తమ్మ